నెస్టర్ బరబాష్ వెనక్కి జారడం నేర్చుకున్న శీతాకాలం

నెస్టర్ బరబాష్ ఐసు హాకీ మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పైఊరి వాళ్ళెవరైనా మా సెయింట్ ఎమరీ మీదుగా పోతుంటే పెట్రోలు బంకు దగ్గర ఆగి, "ఆ కొట్లాటల బరబాష్‌ది ఈ ఊరేనటగా?" అని అడుగుతారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. వాడు కొట్లాడిన మాట నిజమే. పదకొండేళ్ళు అదే పని చేసి బతికాడు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. అసలు సంగతి ఆ తర్వాతే మొదలైంది, అందులో సగం నా కళ్ళముందే జరిగింది.

నా పేరు ఒదీల్ గొదే. మా ఊరి రింకులో, అంటే ఐసు మైదానంలో, ఆడపిల్లలకి ఫిగర్ స్కేటింగ్ నేర్పేదాన్ని. హాకీ వాళ్ళు మమ్మల్ని "గౌన్లు" అని పిలిచేవాళ్ళు. మేం వాళ్ళని "ఎద్దులు" అనేవాళ్ళం. ఊరికి ఉన్నది ఒక్కటే రింకు. బడి వదలగానే ఓ గంట మాది, ఆ తర్వాత సాయంత్రమంతా ఎద్దులదే. వాళ్ళు తవ్విపోసిన ఐసు మీద మా పిల్లలు బొక్కబోర్లా పడేవాళ్ళు. ఆ విషయంలో నాకూ వాళ్ళకీ ఎప్పుడూ తగువే.

నెస్టర్ చిన్నప్పుడే దిట్టమైన మనిషి. మీసం రాకముందే వాళ్ళ నాన్న చొక్కాలు సరిపోయేవి. కాళ్ళు మాత్రం బండ. ఐసు మీద వాడు పరిగెడుతుంటే బంగాళాదుంపలు తవ్వుతున్నట్టుండేది. చూడలేక ఓసారి నేనే వాళ్ళ నాన్న స్తెపాన్‌ని ఆపి, "వీణ్ణి ఓ ఏడాది నా దగ్గరికి పంపవయ్యా, కాళ్ళు బాగుచేస్తాను" అన్నాను. "మావాడికి గౌను కుట్టించమంటావా మదామ్?" అని పగలబడి నవ్వి, కొడుకుని ట్రక్కెక్కించుకుని పోయాడు.

పద్దెనిమిదేళ్ళకి నెస్టర్‌ని ఒక పెద్ద లీగు జట్టు వాళ్ళు చూస్తామని పిలిచారు. నాలుగు రోజులు చూశాక అక్కడి కోచ్ వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాడట: "అబ్బాయ్, నీకు స్కేటింగ్ రాదు. కానీ నువ్వు గుద్దినవాడు లేవట్లేదు. ఉద్యోగం కావాలంటే ఆ ఉద్యోగం ఉంది."

ఆ రోజుల్లో ప్రతి జట్టూ అలాంటివాణ్ణి ఒకణ్ణి పెట్టుకునేది. అవతలివాళ్ళు మన మంచి ఆటగాడి మీద చెయ్యి చేసుకుంటే, వీడు బల్ల మీంచి లేచి వెళ్ళి లెక్క సరిచెయ్యాలి. అంతే వాడి ఆట. పొలం పని తప్ప ఇంకోటి తెలియని కుర్రాడు, హాకీ ఆడటానికి అదొక్కటే దారి అనుకున్నాడు. సరేనన్నాడు.

అలా వాళ్ళు పంపినచోటికల్లా చిన్న లీగుల్లో ఊరూరూ తిరిగాడు. కొట్లాటకి గ్లవ్స్ కింద పడేస్తే చాలు, జనం లేచి నిలబడి "బ-ర-బాష్!" అని అరిచేవాళ్ళు. ఇక్కడ వాళ్ళమ్మ పరస్కేవియా వంటింట్లో రేడియో పెట్టుకుని కూర్చునేది. కొడుకు పేరు వినబడగానే గభాల్న గొంతు తగ్గించేసేది. "వాడు దెబ్బలు తిన్నా నాకు నిద్రపట్టదు, వాడు కొట్టినా పట్టదు ఒదీల్. అవతలివాడికీ ఓ అమ్మ ఉంటుంది కదే" అనేది నాతో. ఎండాకాలంలో వాడు ఇంటికొస్తే వేళ్ళు వాచిపోయి చొక్కా గుండీలు కూడా పట్టేవి కావు. ఆమే పెట్టేది. ఆరడుగుల పైన మనిషి, తల వంచుకుని నిలబడేవాడు.

మధ్యలో మూడు నాలుగుసార్లు పెద్ద లీగు నుంచి పిలుపొచ్చింది. పిలుపంటే ఏముంది, "ఫలానా జట్టులో ఫలానావాడు మనవాళ్ళని ఏడిపిస్తున్నాడు, వాడి సంగతి చూడు" అని. చూసేవాడు. మర్నాడు బస్సెక్కించి వెనక్కి పంపేసేవాళ్ళు. "ఇన్నేళ్ళలో పెద్ద లీగులో ఆ రబ్బరు బిళ్ళని నా కర్రతో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు మదామ్" అని తర్వాతెప్పుడో నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు కుడిచెయ్యి మూడోసారి విరిగింది. ఇంకొక్క గుద్దు గుద్దితే ఈ వేళ్ళు ఇక జన్మలో ముడుచుకోవని డాక్టరు తేల్చి చెప్పాడు. కొట్టలేని బరబాష్‌తో ఎవరికేం పని? వసంతంలో జట్టువాళ్ళు ఫోన్ చేసి, ఇక రానక్కర్లేదన్నారు. చేతికి కట్టుతో బస్సు దిగాడు. అప్పటికి స్తెపాన్ పోయి రెండేళ్ళయింది. ఊళ్ళో సారా కొట్టువాడు పరిగెత్తుకొచ్చి, పిడికిలి చూపిస్తూ ఓ ఫోటో దిగితే గుమ్మం మీద పెద్ద బోర్డు పెట్టిస్తానని బతిమాలాడు. నెస్టర్ ఆలోచించి చెప్తానన్నాడు. ఆలోచించింది మాత్రం వేరే సంగతి.

సెప్టెంబరులో రింకులో కొత్తగా ఐసు కట్టాక, మొదటి రోజు నేను పిల్లల పేర్లు రాసుకుంటుంటే తలుపు దగ్గర వెలుతురుకి అడ్డంగా ఎవరో నిలబడ్డారు.

"మదామ్, నాకు స్కేటింగ్ నేర్పుతారా?"

తలెత్తి చూశాను. పాత స్కేట్లు మెడలో వేలాడేసుకుని నెస్టర్.

"ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చావేంట్రా?"

"బస్సు లేటండీ."

"వేళాకోళమా? ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావ్?"

"హాకీ ఆడతాను."

"ఇన్నాళ్ళూ ఆడిందేంటి మరి?"

"అది హాకీ కాదండీ" అన్నాడు మెల్లిగా. "నేనెప్పుడూ హాకీ ఆడలేదు. ఒక్కసారైనా ఆడాలి."

చేతిలో పేర్ల కాగితం పక్కన పెట్టాను. "నా దగ్గర విడిగా ఐసు లేదు. పిల్లల క్లాసే ఉంది. అందరూ ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళ వాళ్ళు. వాళ్ళతో పాటు నిలబడతావా?"

"నిలబడతానండీ."

"ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీండి. డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుని మరీ తిట్టారు నన్ను. వీళ్ళు ఉచితంగా నవ్వుతారు, అంతేగా."

అలా మొదలైంది. గులాబీ రంగు మేజోళ్ళ పిల్లలు వరసగా నిలబడితే, చివర్లో కొండలాగా వీడు. మొదటి రోజే జోసెట్ అనే గడుగ్గాయి వాడి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "మామయ్యా, నీ కాళ్ళు ఎందుకలా చప్పుడు చేస్తాయి?" అని అడిగింది.

"ఆకలేసి అరుస్తున్నాయమ్మా."

"మరి నావి అరవట్లేదే?"

"నువ్వు పొద్దున తిన్నావుగా."

నవ్వుతాలకి అన్నా, ఆ పిల్ల అడిగిందే అసలు రోగం. స్కేటు బ్లేడుకి లోపల ఒక అంచు, బయట ఒక అంచు ఉంటాయి. బయటి అంచు మీద ఒరగడం వస్తేనే మనిషి ఐసు మీద ఎటు కావాలంటే అటు, చప్పుడు లేకుండా వంపు తిరుగుతాడు. నెస్టర్ పుట్టి బుద్ధెరిగి బయటి అంచు వాడలేదు. లోపలి అంచుతో తన్నుకుంటూ ముందుకి పోవడం, ఎవడికైనా గుద్దుకుని ఆగడం, అంతే. కర్ర పక్కన పెట్టించాను. ఒక కాలి మీద నిలబెట్టాను. పడ్డాడు. వెనక్కి జరగమన్నాను. పడ్డాడు. వాడు పడ్డప్పుడల్లా రింకు అదిరేది, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

"లే. మోకాళ్ళు వంచు. ఆ పిర్రలేంటి, గడ్డివాములాగా బయటికి పెట్టావ్? లోపలికి! తల ఎత్తు. నేల మీద ఏం పోగొట్టుకున్నావ్?"

"పరువు పోయిందండీ, వెతుక్కుంటున్నా."

"క్లాసయ్యాక వెతుక్కో. మళ్ళీ చెయ్యి."

నవంబరు వచ్చేసరికి ఈ వినోదం ఊరంతా పాకిపోయింది. కోతలైపోయి పనిలేని మగాళ్ళు కాఫీలు పట్టుకుని గ్యాలరీలో చేరేవాళ్ళు. వాళ్ళలో లోర్న్ అనేవాడు చిన్నప్పుడు నెస్టర్‌తో ఒకే జట్టులో ఆడినవాడు. నోరు పెద్దది. "ఒరే నెస్టరూ, గౌనేదిరా?" అని అరిచేవాడు. "కుట్టడానికిచ్చాన్రా, కొలతలు మీ ఆవిడే తీసుకుంది" అని వీడు కింద నుంచి అనేవాడు. గ్యాలరీ గొల్లుమనేది. అంతవరకూ సరదాగానే ఉండేది.

ఒకరోజు లోర్న్ మాట తూలాడు. "మీ నాన్న పోయి బతికిపోయాడ్రా. ఉంటే సిగ్గుతో చచ్చేవాడు" అన్నాడు.

నెస్టర్ ఆగిపోయాడు. రింకు గోడ దగ్గరికి వెళ్ళాడు. రెండు చేతులూ గోడ మీద వేసి పైకి చూశాడు. గ్యాలరీలో ఎవరూ కాఫీ గుక్క కూడా మింగలేదు. లోర్న్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ గోడ దూకడం నెస్టర్‌కి చిటికెలో పని. ఆ కట్టు విప్పిన కుడిచెయ్యి ముడుచుకోవడం, మళ్ళీ తెరుచుకోవడం చూస్తూ ఉండిపోయాను.

"మా నాన్న ఉంటే" అన్నాడు వాడు చివరికి, "నీ పక్కనే కూర్చుని నీకంటే గట్టిగా నవ్వేవాడు. ఆ తర్వాత నన్ను ఇంటికి తీసుకెళ్ళి, బాగా నేర్చుకోరా అనేవాడు. నువ్వు మొదటి సగం చేశావు. రెండో సగం కూడా చెయ్యి."

లోర్న్ తల దించుకున్నాడు. "బాగా నేర్చుకోరా" అన్నాడు, వినీ వినబడకుండా. నెస్టర్ వచ్చి మళ్ళీ పిల్లల చివర నిలబడ్డాడు. ఆ రోజు నాకు నమ్మకం కుదిరింది. వీడు ఆడతాడు.

క్రిస్మస్ దాటాక వాడి కాళ్ళ చప్పుడు తగ్గింది. ఆ తర్వాత ఒకనాడు అసలు వినబడలేదు. నేను వెనక్కి తిరిగి పిల్లలతో మాట్లాడుతుంటే పక్క నుంచి గాలి తగిలింది. చూస్తే వీడు వెనక్కి జారుతూ పోతున్నాడు, ఒంటికాలి మీద, చేతులు వదులుగా పెట్టి. తను ఏం చేస్తున్నాడో వాడికే తెలియదు. పిల్లలు చప్పట్లు మానేసి నోళ్ళు తెరుచుకుని చూశారు.

మార్చిలో మా పిల్లల వార్షిక ప్రదర్శన. "నువ్వూ చెయ్యాలి" అన్నాను. వాడు అడ్డంగా తలూపాడు. "క్లాసులో ఉన్నవాళ్ళందరూ చెయ్యాలి, అది రూలు" అన్నాను. అలాంటి రూలేం లేదు. పరస్కేవియా పాత గొర్రెచర్మం కోట్లు విప్పి వాడికి ఎలుగుబంటి వేషం కుట్టింది. ఆ రాత్రి మా రింకులో నిలబడటానికి కూడా చోటు లేదు. ఎలుగుబంటి ఐసు మీదికి రాగానే నవ్వులతో పైకప్పు ఎగిరిపోయింది. పిల్లలు తేనెటీగల్లాగా వాడి చుట్టూ మూగారు, వాడు వాళ్ళని తప్పించుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి, వంపులు తిరుగుతూ, ఒక్క పిల్ల చెయ్యీ తగలకుండా రింకంతా చుట్టాడు. నవ్వులు మెల్లిగా ఆగిపోయాయి. డిఫెన్స్ ఆడేవాడికి ఇలా వెనక్కి జారుతూ ఎదుటివాణ్ణి కాయడమే ప్రాణం, హాకీ తెలిసిన ఊరు మాది. చూస్తున్నదేంటో వాళ్ళకి అర్థమైంది. చివరికొచ్చేసరికి లోర్న్ లేచి నిలబడి, టోపీ తీసి ఊపుతూ, "బ-ర-బాష్!" అని అరిచాడు.

పరస్కేవియా నా చెయ్యి పట్టుకుంది. "కొడుకు ఐసు మీదుంటే కళ్ళు మూసుకోకుండా చూడటం ఇదే మొదలే" అంది.

ఇక జట్టు కావాలి. వాడు ఫోన్ చేసిన ప్రతిచోటా, "చెయ్యి బాగైందా? కొడతావా?" అని అడిగారు. కొట్టననగానే పెట్టేశారు. చివరికి గార్త్ విలిస్ అనే ఆయన వినిపించుకున్నాడు. ఒకప్పుడు వీడితో కొట్లాడి పళ్ళు రాలగొట్టించుకున్నవాడే. ఇప్పుడు ఒంటారియోలో ఒక చిన్న లీగు జట్టుకి కోచ్.

"కొట్టని బరబాష్‌ని ఏం చేసుకోనయ్యా?"

"డిఫెన్స్‌లో ఆడతాను. రెండు వారాలు చూడండి. నచ్చకపోతే మీరు రాలగొట్టించుకున్న పళ్ళకి బదులు నా పళ్ళు తీసుకోండి."

"నీకెన్ని మిగిలాయేంటి?"

"మీకు చాలినన్ని ఉన్నాయి."

వెళ్ళాడు. మొదటి నెల నరకం. పాత పగలున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఎదురయ్యారు. వీడి మొహం ముందు గ్లవ్స్ పడేసి, "రారా ముసలాడా, పిరికిగొడ్డా" అని రెచ్చగొట్టేవాళ్ళు. వీడు ఒక వంపు తిరిగి బిళ్ళ ఎక్కడుంటే అక్కడికి పోయేవాడు. ఒకప్పుడు పేరు పెట్టి అరిచిన జనమే ఈలలు వేసి వెక్కిరించారు. ఎవడో ఒక ఆడపిల్ల గౌను ఐసు మీదికి విసిరేశాడట. నెస్టర్ దాన్ని తీసి, మడిచి, బల్ల మీద పెట్టి, "నా సైజు కాదు" అని రిఫరీకి చెప్పాడట. సొంత జట్టువాళ్ళే నవ్వాపుకోలేకపోయారు. ఆ రోజు నుంచి వాడు వాళ్ళవాడయ్యాడు.

గార్త్‌కి మాత్రం అప్పటికే సంగతి తెలిసిపోయింది. వీడి పక్క నుంచి బిళ్ళ తీసుకుని ఎవరూ పోలేకపోతున్నారు. అంత భారీ మనిషి, ఎటు తిరిగితే అటు ముందే ఉంటాడు. ఏడాది తిరక్కుండానే పెద్ద లీగు నుంచి హామిల్టన్ హారియర్స్ జట్టువాళ్ళు పిలిచారు. ఈసారి ఎవడి సంగతో చూడ్డానికి కాదు, ఆడటానికి. మొదటి రోజు ఆట మొదలైన కాసేపటికే బిళ్ళ వాడి కర్రకి తగిలింది. రాత్రి ఫోన్ చేసి, "ముట్టుకున్నానండీ" అన్నాడు.

హామిల్టన్‌లో మూడో ఏడు జట్టు ఫైనలుకి వచ్చింది. చివరి ఆటకి మా ఇద్దరికీ టికెట్లు పంపాడు. పరస్కేవియా విమానమెక్కడం అదే మొదలు. ఒళ్ళో వరెనికీల డబ్బా, బంగాళాదుంప కూరి ఉడికించి వెన్న రాసిన పిండి కుడుములు, దాన్ని చేతిలోంచి వదల్లేదు. "వాడు ఆట మధ్యలో తింటాడా ఏంటే?" అంటే, "గెలిస్తే తింటాడు, ఓడితే ఇంకా ఎక్కువ తింటాడు" అంది.

అవతలిది మిల్వాకీ జట్టు. వాళ్ళలో కీనన్ అని ఒకడు, మెరుపు. కళ్ళు తిప్పుకునేలోపు ఇటు నుంచి అటు ఉండేవాడు. ఆట సమానంగా ముగిసింది. అదనపు సమయంలో ముందు ఎవరు గోల్ కొడితే కప్పు వాళ్ళది. అందరూ అలిసిపోయారు. అలాంటప్పుడు మావాళ్ళ పాస్ ఒకటి దారి తప్పి కీనన్ కర్రకి చిక్కింది. అంతే, గాలిలా బయల్దేరాడు. వాడికీ గోల్‌కీ మధ్య ఉన్నది నెస్టర్ ఒక్కడే. అదీ వెనక్కి జారుతూ.

"ముందుకి తిరగమనవే వాణ్ణి!" పరస్కేవియా నా భుజం పట్టి ఊపేసింది.

"తిరగకూడదు. అలాగే రానీ. చూడు."

కీనన్ ఎడమకి వెళ్తున్నట్టు భుజం వంచి కుడికి కోశాడు. ఆ ఎత్తుకి పడనివాడు లేడు. నెస్టర్ వాడి భుజం కేసి చూడనేలేదు. బయటి అంచు మీద ఒరిగి, కీనన్‌తో పాటే వంపు తిరిగి, కర్ర చాపాడు. కీనన్ ముందుకి పోయాడు. బిళ్ళ వాడితో పోలేదు.

ఆ చోటున్న ప్రతి మనిషీ లేచాడు. మిల్వాకీ వాళ్ళంతా గోల్ కోసం ఇటువైపుకి వచ్చేసి ఉన్నారు. మామూలుగా అయితే నెస్టర్ బిళ్ళని ముందున్నవాడికి ఇచ్చేస్తాడు. తలెత్తి చూశాడు. ముందు ఎవరూ లేరు. తనే పరిగెత్తాడు. చప్పుడు లేకుండా పరిగెత్తాడు. గోల్‌కీపరు మీదికి కొట్టాడు. ఆయన మోకాలికి తగిలి బిళ్ళ పక్కకి ఎగిరింది. వెనక నుంచి ఎవడో వచ్చి నెస్టర్‌ని గుద్దాడు. ఒక కాలు గాల్లోకి లేచింది. ఇంకెవడైనా అక్కడ కూలిపోయేవాడు. వాడు ఆ ఒక్క కాలి మీద వంగి, ఇంకాస్త వంగి, కర్ర కొసతో బిళ్ళని లోపలికి నెట్టాడు.

గోల్ పడిందని ఎర్ర దీపం వెలిగింది. ఆ తర్వాత నాకు ఏమీ వినబడలేదు. పరస్కేవియా నోరు తెరిచి అరుస్తోందని మాత్రం కనిపించింది. వరెనికీలు ముందు వరసలో వాళ్ళ నెత్తిన పడ్డాయి. వాళ్ళు తిట్టలేదు, ఆమెని ఎత్తి పట్టుకున్నారు. కింద వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి, అడుగున ఎక్కడో నెస్టర్. ఆ గుట్టలోంచి లేచి నిలబడి, హెల్మెట్ తీసేసి, మా వైపు వెతుక్కున్నాడు. నాకు రెండు వేళ్ళు చూపించాడు, వంపు తిప్పుతూ: బయటి అంచు. అరవై దాటినదాన్ని, కుర్చీ మీదెక్కి నేనూ రెండు వేళ్ళు తిప్పి చూపించాను.

ఆ ఎండాకాలం కప్పు మా ఊరికొచ్చింది. గెలిచిన ప్రతివాడికీ ఒకరోజు ఇస్తారు. నెస్టర్ ట్రక్కులో ముందు సీట్లో వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టాడు. ఊరేగింపంతా ఆమె దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. రింకులో అప్పుడు ఐసు లేదు, ఉత్త సిమెంటు నేల. దాని మీద బల్లలు వేసి, ఊరూ చుట్టుపక్కల పొలాలవాళ్ళూ బారులు తీరారు. పరస్కేవియా కప్పు పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడి, వచ్చినవాడినల్లా ఆపింది.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానమ్మా."

"ఏదీ, చూపించు. వెళ్ళి మళ్ళీ కడుక్కో."

మేయరుని కూడా వెనక్కి పంపింది. గార్త్ విలిస్ అంత దూరం నుంచి వచ్చాడు, కట్టుడు పళ్ళతో నవ్వుతూ. ఆయన్ని కూడా పంపింది. పొడుగైపోయిన జోసెట్, వాళ్ళ క్లాసు పిల్లలందరూ ఒకేసారి ఎగబడితే మాత్రం ఏం అనలేక పక్కకి జరిగింది.

నా వంతు వచ్చింది. "ఎత్తండి మదామ్" అన్నాడు నెస్టర్.

"నా వల్ల అవుతుందట్రా?"

"నేనుండగా పడనిస్తానా?"

ఎత్తాను. అనుకున్నదానికంటే బరువు. తల పైదాకా లేపేసరికి కప్పు ఓ పక్కకి ఒరిగింది. వాడు వెనక నుంచి మోచేతుల కింద చెయ్యి వేసి ఆపాడు. ఊరంతా అరుస్తుంటే, ఆ వెండిలో అందరి మొహాలూ తలకిందులుగా నవ్వుతూ కనిపించాయి. "దించకండి, ఇంకాసేపు ఉంచండి" అని వాడు చెవిలో అన్నాడు. అలాగే ఉంచాను.